పలకలు కలిపిన దూలానికి పక్కనుంచి బరువు వేస్తున్నారా? మేకులు, బోల్టుల లెక్క ఇలా చూసుకోండి

ఆరంగుళాల మందం, ఎనిమిదంగుళాల ఎత్తు ఉన్న ఒకే కర్ర దూలం బెంగళూరు టింబర్ యార్డుల్లో దొరక్కపోదు. కానీ ధర వింటే గుండె గుభేలుమంటుంది. పైగా అంత లావు కర్ర లోపలిదాకా ఆరి ఉండటం అరుదు. ఇంట్లో బిగించాక మెల్లగా ఆరుతూ పగులుతుంది, మెలి తిరుగుతుంది. అందుకే హాల్లో చెక్క అటకకైనా, మేడమీద పందిరికైనా రెండంగుళాల పలకలు మూడు పక్కపక్కన చేర్చి ఒకే దూలంగా బిగించుకోవడం మంచి పద్ధతి. చిక్కంతా ఆ బిగించడంలోనే ఉంది. చాలామంది కార్పెంటర్లు అక్కడో మేకు ఇక్కడో మేకు కొట్టి, నాలుగు తట్లు తట్టి, "అయిపోయింది సార్, ఏనుగు ఎక్కినా కదలదు" అంటారు. బరువు దూలం నెత్తిన కూర్చుంటే ఆ మాట దాదాపు నిజమే. పక్కన వేలాడితే మాత్రం కాదు.

పక్క బరువు అంటే గాలి తోపు గురించి కాదు నేను చెప్పేది. అడ్డపట్టెలు దూలం మీద కూర్చోకుండా, దాని చెంపకు హ్యాంగర్లతో (పట్టె కొసను పట్టి ఉంచే యు ఆకారపు ఇనుప పట్టీలతో) తగిలించి ఉంటే, ఆ పట్టెల బరువంతా దూలం పక్కముఖం మీద పడుతుంది. అటక కింద తల తగలకూడదని, ఎత్తు ఆదా చేయాలని మనవాళ్లు ఎక్కువగా అడిగేది ఈ పద్ధతే.

ఇందులో మెలిక చూడండి. ముగ్గురు మనుషులు భుజం భుజం ఆనించి నిలబడ్డారు. చివరివాడి భుజానికి బియ్యం బస్తా తగిలిస్తే మిగతా ఇద్దరికీ ఆ బరువు తెలియనే తెలియదు, ముగ్గురూ గట్టిగా చేతులు పెనవేసుకుంటే తప్ప. పలకల మధ్య మేకులు, బోల్టులు ఆ పెనవేసిన చేతులు. పట్టెలు తగిలించిన బయటి పలక బరువు తీసుకుంటుంది. అక్కడినుంచి మధ్య పలకకు, దాన్నుంచి మూడోదానికి బరువు వెళ్లే దారి ఈ మేకులొక్కటే. దారి ఇరుకైతే బయటి పలక ఒంటరిగా వంగుతుంది, మిగతా రెండు పలకలూ అలంకారానికి మిగులుతాయి.

దూలం ఎంత లావు, ఎంత ఎత్తు ఉండాలన్నది స్ట్రక్చరల్ ఇంజనీర్ తేల్చాలి. అది తేలింది అనుకుని, పలకల మధ్య బిగింపు గురించే ఇక్కడ చెబుతున్నాను.

ముందు ఒక కాగితం మీద బరువు గీయండి

దూలం బొమ్మ వేసి, ఏ వైపునుంచి ఎంత బరువు వస్తోందో రాయండి. ఇళ్లలో నేల మీద వచ్చే బరువు చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు అని కట్టడాల మీద బరువులకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చెబుతుంది. పట్టెలు, పైన వేసే ప్లైవుడ్, కింద సీలింగ్ కలిపి ఇంకో 50 కిలోలు అనుకుందాం. మొత్తం 250. అడ్డపట్టెల పొడవు 3 మీటర్లు, వాటి రెండో కొస గోడ మీద ఉంది అనుకోండి. అప్పుడు సగం బరువు గోడకు, సగం దూలానికి. అంటే దూలం ప్రతి మీటరు పొడవుకు 1.5 × 250 = 375 కిలోలు, అంతా ఒకవైపునుంచే.

ఇప్పుడు పంచండి. మూడు పలకలూ ఒకే మందం అయితే ఒక్కొక్కటి మోయాల్సింది 125 కిలోలు. బయటి పలక 375 తీసుకుని తన 125 ఉంచుకుని, మిగతా 250 కిలోలు మొదటి అతుకు, అంటే బయటి పలకా మధ్య పలకా కలిసే చోటు, దాటించాలి. మధ్య పలక అందులో తన వాటా ఉంచుకుని 125 కిలోలు రెండో అతుకు దాటిస్తుంది. రెండు పలకల దూలమైతే సగం బరువు అతుకు దాటాలి, మూడైతే మూడింట రెండొంతులు, నాలుగైతే నాలుగింట మూడొంతులు. పలకలు పెరిగేకొద్దీ దూలం బలం పెరుగుతుందని సంతోషిస్తాం గానీ, మొదటి అతుకు మీద భారం కూడా పెరుగుతుందని గుర్తుండదు.

రెండువైపులా పట్టెలు తగిలిస్తే భారం రెట్టింపు అవుతుంది కదా, మేకులు కూడా రెట్టింపు వేయాలా అని అడుగుతారు. అక్కర్లేదు, అక్కడ పని తేలిక. రెండువైపులా 375 చొప్పున వస్తే మొత్తం 750, ఒక్కో పలకకు 250. బయటి పలకలు చెరో 125 మాత్రమే మధ్యదానికి ఇస్తాయి. అంటే ఒకవైపునుంచే బరువు పడినప్పటికంటే మొదటి అతుకు మీద భారం సగమే. ఒకవైపు 375, రెండోవైపు 150 అయితే? మొత్తం 525, ఒక్కోదానికి 175. ఎక్కువ బరువున్న వైపు అతుకులో 200 దాటుతుంది, రెండోవైపు అతుకులో 25 మాత్రమే. ఇలాంటప్పుడు మేకుల లెక్క ఎప్పుడూ బరువైన వైపు చూసి చేయండి, అదే లెక్క రెండువైపులా వేసేయండి. కార్పెంటర్‌కు ఒక్కోవైపు ఒక్కో కొలత చెబితే తారుమారు కావడం ఖాయం.

నాలుగు పలకల దూలానికి ఒకవైపే పట్టెలు తగిలించాలనుకుంటే మానుకోమంటాను. అంత వెడల్పు దూలం ఒక చెంప మీదే బరువు పడితే మెలి తిరగాలని చూస్తుంది. రెండువైపులా బరువు వచ్చేలా ప్లాన్ మార్చగలిగితే సరే. లేదంటే అక్కడ ఇనుప ఐ సెక్షన్ (ఇంగ్లిష్ ఐ అక్షరం ఆకారపు దూలం) పెట్టి దానికి చెక్క తొడుగు వేయించుకోండి. చెక్క మీద ఎంత ప్రేమ ఉన్నా, ఆ ఒక్కచోట ఇనుముదే గెలుపు.

మేకా, బోల్టా, స్క్రూనా

ఒక్కో మేకు ఎంత బరువు దాటించగలదన్నది కలప జాతి, మేకు లావు, అవతలి పలకలోకి ఎంత లోతు దిగిందన్న మూడింటిమీద ఆధారపడుతుంది. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 ఆరో భాగంలో కలప విభాగం ఉంది. అందులో జాతుల వారీగా పట్టికలు ఉన్నాయి. మీ ఇంజనీర్‌ను అడిగి ఆ అంకె రాయించుకోండి. ఇక్కడ లెక్క అర్థం కావడానికి ఒక్కో 8 గేజ్ మేకుకు 40 కిలోలు, ఒక్కో 12 మిల్లీమీటర్ల బోల్టుకు 130 కిలోలు అనుకుందాం. ఇవి ఉదాహరణ అంకెలే. మీ కలపకు ఇవే వాడకండి.

మన లెక్కలో మొదటి అతుకు మీటరుకు 250 కిలోలు దాటించాలి. 250ని 40తో భాగిస్తే ఆరుంపావు, అంటే మీటరుకు ఏడు మేకులు. పైనొక వరుస, కిందొక వరుస వేసి ఒక్కో వరుసలో 300 మిల్లీమీటర్లకు ఒకటి కొడితే మీటరుకు 6.7 వస్తాయి. సరిపోయిందనిపిస్తుంది గానీ అంచులో ఉంది. నేనైతే దూరం 250కి తగ్గిస్తాను. మీటరుకు ఎనిమిది మేకులు, 320 కిలోలు. మేకు ఖరీదు ఎంతని! దూలం ఎత్తు 14 అంగుళాలు దాటితే మూడు వరుసలు వేయండి.

8 గేజ్ మేకు లావు 4 మిల్లీమీటర్ల పైచిలుకు. అవతలి పలకలోకి కనీసం మేకు లావుకు పన్నెండింతలు, అంటే సుమారు 50 మిల్లీమీటర్లు దిగేలా చూసుకోండి. 50 మిల్లీమీటర్ల పలకలకు నాలుగంగుళాల మేకు సరిగ్గా సరిపోతుంది. అయితే ఇక్కడొక తిరకాసు ఉంది. రెండంగుళాలని కొన్న పలక చిత్రిక పట్టాక 45కి వస్తుంది. రెండు పలకలు కలిపితే 90. నాలుగంగుళాల మేకు కొడితే మొన పది మిల్లీమీటర్లు వెనక్కి పొడుచుకొస్తుంది, ఇక మూడో పలక దగ్గరికి చేరదు. అందుకే అలాంటప్పుడు మూడు పలకలూ కలిపి క్లాంపులు బిగించాకే మేకులు కొట్టించండి. లేదా మూడున్నర అంగుళాల మేకులు తెప్పించండి. పొడవు తగ్గితే లోతూ తగ్గుతుంది కాబట్టి మేకు బలం అంకె మళ్లీ అడిగి తెలుసుకోవాలి.

మూడు పలకలకు ఒకవైపునుంచే కొడితే చాలదు. నాలుగంగుళాల మేకు మూడో పలకలోకి సరిపడా దిగదు కదా. ఈ చెంపనుంచి కొట్టినవి మొదటి అతుకును పడతాయి, ఆ చెంపనుంచి కొట్టినవి రెండో అతుకును పడతాయి. రెండూ మధ్య పలకలో ఒకదానికొకటి ఎదురుపడకుండా సగం దూరం జరిపి కొట్టాలి.

బోల్టులకు ఈ గొడవ లేదు. ఒక్క బోల్టు మూడు పలకలనూ దాటి రెండు అతుకులనూ పడుతుంది. 12 మిల్లీమీటర్ల బోల్టులు రెండు వరుసల్లో, ఒక్కో వరుసలో 600 దూరంలో, పైదీ కిందదీ ఎదురెదురు కాకుండా జరిపి వేస్తే ప్రతి 300కి ఒక బోల్టు వస్తుంది. మీటరుకు మూడుకు పైనే. 130 చొప్పున 400 దాటుతుంది, మన 250కి నిశ్చింత. దూలం కనబడేచోట ఉంటే బోల్టు తలలు వరుసగా చూడటానికి కూడా బాగుంటాయి. పని నిదానం, కానీ రెండేళ్ల తర్వాత మళ్లీ బిగించుకోవచ్చు. మేకుకు ఆ వీలు లేదు. బెంగళూరులో ఇంటిపనికి ఏది వాడమంటారని అడిగితే బోల్టులనే చెబుతాను.

స్క్రూలలో కట్టడాల కోసమే చేసిన లావుపాటి పొడవు రకాలు ఉన్నాయి, వాటి కంపెనీలు బరువు పట్టికలు కూడా ఇస్తాయి. అవి దొరికితే భేషుగ్గా వాడండి. పొడవు చివరి పలకలోకి బాగా దిగేలా ఉందో లేదో చూసుకోండి. కానీ మన కార్పెంటర్ల సంచీలో ఉండేది నల్లటి జిప్సం స్క్రూ. అల్మారాకైనా అటకకైనా అదే. సీలింగ్ బోర్డులు పట్టడానికి చేసిన ఆ స్క్రూ పెళుసు. పక్కకు బరువు పడితే వంగదు, పుటుక్కున తెగుతుంది. దూలం దగ్గరికి దాన్ని రానివ్వకండి.

ఫెవికాల్ పూస్తాం సార్, ఇంకా గట్టిగా ఉంటుంది అంటారు. పూయనివ్వండి, నష్టం లేదు, కిర్రుకిర్రు చప్పుడు తగ్గుతుంది. లెక్కలో మాత్రం చేర్చకండి. ఆ తెల్లజిగురు ఎడతెగని బరువు కింద నెమ్మదిగా సాగుతుంది. పైగా సైట్‌లో ఎండలో, దుమ్ములో పూసిన జిగురు ఎంత పట్టిందో చూసి చెప్పే దారి లేదు.

కలప తెచ్చుకునేటప్పుడు

మైసూర్ రోడ్డు వైపు యార్డుల్లో పైన్, సాల్, కన్నడవాళ్లు మత్తి అనే నల్లమద్ది వంటివి అడగండి. మూడు పలకలూ ఒకే జాతివి, ఒకే లాట్‌వి అయ్యుండాలి. ఒకటి మెత్తదీ ఒకటి గట్టిదీ అయితే బరువు సమానంగా పంచుకోవు, ఇప్పటిదాకా వేసిన లెక్క తప్పుతుంది. ఏ జాతో అనుమానం ఉంటే మల్లేశ్వరం 18వ క్రాస్‌లో ఉన్న కలప పరిశోధన సంస్థ ఐడబ్ల్యూఎస్‌టీ ముక్క చూసి జాతి చెబుతుంది.

తేమ మీటరు పెట్టి చూడండి. 12 నుంచి 15 శాతం మధ్య ఉంటే తీసుకోండి. పచ్చి కలపకు బోల్టు బిగిస్తే, అది ఆరి కుంచించుకున్నాక నట్టు వేళ్లతో తిరుగుతుంది. పలకలు దూలం పూర్తి పొడవు ఉండాలి. మధ్యలో అతుకువేసిన పలకను ఎంత బతిమాలినా తీసుకోకండి.

పలకలు చేర్చడం

ఒక్కో పలకను అంచు మీద నిలబెట్టి కన్ను పెట్టి చూస్తే ఏదో ఒకవైపు కొంచెం విల్లులా వంపు తిరిగి ఉంటుంది. మూడింటి వంపూ పైకే ఉండేలా పెట్టండి. తలా ఒకవైపు పెడితే అంచులు కలవవు.

తర్వాత క్లాంపులు. దూలం పొడవునా రెండడుగులకు ఒకటి చొప్పున జీ క్లాంపులు బిగించి, పలకల మధ్య వెలుతురు కనబడకుండా దగ్గరికి లాగండి. ఇది తొందరపడే పని కాదు. పలకల మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉన్నా మేకు ఆ ఖాళీలో వంగుతుంది, బలం పడిపోతుంది. సుత్తితో కొట్టి దగ్గరికి తెస్తాం అంటే వినకండి. మేకు పలకను పట్టుకోగలదు గానీ, వంకర పలకను లాగి సరిచేయలేదు.

ఇప్పుడు చాక్‌పీసుతో మేకుల, బోల్టుల స్థానాలన్నీ పలక మీదే గుర్తు పెట్టండి. పై అంచునుంచి 50 మిల్లీమీటర్లు, కింది అంచునుంచి 50 మిల్లీమీటర్లు వదలండి. కొసల్లో 100 వదిలితే మంచిది. బెంగళూరులో మీ పని చేసేది రాజస్థాన్ కుర్రాళ్లో, యూపీ కుర్రాళ్లో కావచ్చు. మీ హిందీ, వాళ్ల తెలుగు కలిసే లోపు సాయంత్రం అవుతుంది. పలక మీద పెట్టిన గుర్తుకు భాషతో పనిలేదు.

గట్టి కలపకు మేకు ముందు రంధ్రం తప్పనిసరి. సాల్‌లో నేరుగా కొడితే మేకైనా వంగుతుంది, పలకైనా చీలుతుంది. రంధ్రం మేకు లావులో ఐదింట నాలుగొంతులకు మించకూడదు. 4 మిల్లీమీటర్ల మేకుకు 3 మిల్లీమీటర్ల బిట్ వాడండి. మేకులన్నీ ఒకే గీత మీద కొట్టకుండా, ఒకటి కాస్త పైకి ఒకటి కాస్త కిందికి జరిపితే పలక నారవెంట చీలదు.

బోల్టు రంధ్రం బోల్టు కంటే ఒక్క మిల్లీమీటరే ఎక్కువ ఉండాలి. 12 బోల్టుకు 13 బిట్. "బోల్టు సులభంగా దూరుతుంది సార్" అని 16 వేసేస్తారు, దగ్గరుండి చూడండి. వదులు రంధ్రంలో పలక జారి బోల్టును తాకేదాకా బరువు దాటదు. ఆలోపే అటక కిందికి దిగి కూర్చుంటుంది. మూడు పలకలూ క్లాంపుల్లో ఉండగానే ఒకేసారి రంధ్రం చేయాలి, విడివిడిగా చేస్తే కలవవు. డ్రిల్ వాలకుండా గుణియ (మూలమట్టం) ఆనించి పట్టుకోమనండి. తల కింద ఒకటి, నట్టు కింద ఒకటి పెద్ద వాషర్లు వేయండి. వాషర్ కలపలోకి దిగబడేదాకా కాదు, గట్టిగా ఆనేదాకా తిప్పితే చాలు.

పట్టెలు తగిలించేచోట

రెడీమేడ్ హ్యాంగర్లు మన దగ్గర ఎప్పుడూ దొరకవు. వెల్డర్ దగ్గర 3 మిల్లీమీటర్ల రేకుతో యు ఆకారంలో చేయించుకోవడమే ఎక్కువ. దాని రంధ్రాలు దూలం ఎత్తులో సగానికి పైన వచ్చేలా చేయించండి. కింది అంచుకు దగ్గర్లో బరువు వేలాడదీస్తే కలప నార వెంట చీలిపోతుంది, దూలం కింది ముక్క ఊడినట్టు వస్తుంది. ఇదే కారణంతో, పలక కింది అంచుకు ఒక సన్నపట్టీ కొట్టి దానిమీద అడ్డపట్టెలు కూర్చోబెట్టడం కూడా నాకు నచ్చదు.

హ్యాంగర్‌కు కొట్టే పొట్టి మేకులు మొదటి పలకలోనే ఆగిపోతాయి. వాటిని చూసి అతుకు మేకులు తగ్గించకండి, రెండింటి పని వేరు. హ్యాంగర్ బోల్టులే మూడు పలకలనూ దాటేలా వేస్తే ఇంజనీర్ వాటిని లెక్కలో పట్టించుకోవచ్చు.

మెట్ల కోసం అటకలో ఖాళీ వదిలినచోట జాగ్రత్త. అక్కడ చాలా పట్టెల బరువు ఒక అడ్డదూలం ద్వారా ఒకేచోట దిగుతుంది. 600 కిలోలు ఒకచోట దిగితే మొదటి అతుకు 400 దాటించాలి. 130 చొప్పున నాలుగు బోల్టులు. అవి ఆ చోటుకు అటు రెండు, ఇటు రెండు, 300 మిల్లీమీటర్ల లోపలే ఉండాలి. మామూలు వరుసలో ఉన్నవాటికి ఇవి అదనం.

దూలం కొసలు గోడ మీదో, ఇనుప బ్రాకెట్‌లోనో కూర్చునేచోట మూడు పలకలూ పూర్తిగా ఆనాలి. బ్రాకెట్ రెండు పలకల వెడల్పే ఉండి మూడోది గాల్లో తేలడం చూస్తుంటాం. ఆ మూడో పలకకు బరువు దాటించి ఏం లాభం? అలాగే ఒకవైపే బరువున్న దూలం ఒరగకుండా కొసలు పక్కలకు కదలకుండా పట్టివేయండి, అటక ప్లైవుడ్‌ను దూలం పై అంచుకు కూడా బిగించండి.

మేడమీద పందిరి అయితే

వానకు నిలిచే బిగింపులు కావాలి. ఎస్‌జేపీ రోడ్డు హార్డ్‌వేర్ దుకాణాల్లో పసుపు రంగు జింక్ పూతవి చవగ్గా ఇస్తారు. బయటికి అవి వద్దు, హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి తీసినవి) లేదా స్టెయిన్‌లెస్ స్టీల్ అడగండి. చెదలకు రాగి మందు పట్టించిన కలపైతే మామూలు ఇనుమును ఇంకా త్వరగా తినేస్తుంది. పలకల మధ్య సందుల్లోకి నీళ్లు దిగితే ఎండవు. అందుకని దూలం నెత్తిన జీఐ రేకు టోపీ వేయించండి, రెండువైపులా అంగుళం కిందికి వంచి.

అటకైనా పందిరైనా, బిగించాక వచ్చే మొదటి వేసవి ముగిసినప్పుడు స్పానర్ పట్టుకుని ఒక్కో నట్టూ తిప్పి చూడండి. కలప ఆరి కొన్ని వదులై ఉంటాయి. అదే సమయంలో దూలం కింద నిలబడి పలకల కింది అంచులు చూడండి. మూడూ ఒకే మట్టంలో ఉంటే బాగున్నట్టే. పట్టెలున్న వైపు పలక ఒక్కటే కిందికి దిగినట్టు కనబడితే అతుకులు బరువు దాటించట్లేదని అర్థం. అటకమీది సామాను కొంత దించి, ఇంజనీర్‌ను పిలిపించి, ఉన్న బోల్టుల మధ్య కొత్తవి వేయించండి.